సరంగు సత్తియ్య దూకలేదు

శనివారం పొద్దున మొదటి ట్రిప్పుకి లోవలక్ష్మి ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని కొవ్వూరు రేవు మెట్లు దిగింది. రోజూ బల్ల మీద చకచకా నడిచి లాంచీ ఎక్కేసే మనిషి. ఆ రోజు మాత్రం ఒక కాలు బల్ల మీద, ఇంకో కాలు మెట్టు మీద ఉంచి ఆగిపోయింది.

"సత్తియ్య బావా, ముందు మాటియ్యి. మమ్మల్ని అవతల దింపుతావా, నడి గోదాట్లో దూకేత్తావా?"

లాంచీలో అప్పటికే కూర్చున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. సత్తియ్య చక్రం మీద చెయ్యి తీయకుండా ఆవిడ వంక చూశాడు.

"ఎక్కవే. ఎండెక్కితే నీ తోటకూర వాడిపోద్ది."

"ఎక్కుతాలే గానీ, ఆ సేఫ్టీ జాకెట్టు ఇలాగియ్యి. అది నీ చేతికి అందేలా ఉంటే నాకు గుండె దడ."

మళ్ళీ నవ్వులు. సత్తియ్య కూడా నవ్వాలని ప్రయత్నించాడు. రాలేదు. ఇంజను స్టార్ట్ చేసి, కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు తన వైపు తిప్పడం చూసి, మొహం రాజమండ్రి వైపు తిప్పుకున్నాడు.

కొవ్వూరు నుంచి రాజమండ్రికి లాంచీ నడపడం సత్తియ్యకి బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఉన్న పని. తండ్రి వల వేసేవాడు. వలలో పడేది తగ్గాక, తండ్రి పోయాక, సత్తియ్య రేవు పాడుకున్న కాంట్రాక్టరు దగ్గర లాంచీ మీద పనికి కుదిరాడు. మొదట్లో తాడు కట్టేవాడు, నీళ్ళు తోడేవాడు, తర్వాత చక్రం పట్టుకున్నాడు. అప్పటి నుంచి ఊళ్ళో అందరికీ సరంగు సత్తియ్య. వంతెనల మీద బస్సులూ ఆటోలూ పెరిగాక లాంచీ ఎక్కేవాళ్ళు పలచబడ్డారు. అయినా గంపలవాళ్ళూ, రేవులో స్నానాలకి వచ్చేవాళ్ళూ, గోదారి మీద గాలి కోసం వచ్చేవాళ్ళూ ఉంటూనే ఉన్నారు. లాంచీ ఒడ్డుకి రాగానే సత్తియ్య చక్రం వదిలి, బల్ల వేసి, దాని పక్కన నిలబడి ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తాడు. పడుచువాళ్ళు వద్దన్నా అందిస్తాడు. ఆఖరి మనిషి మెట్టు మీద రెండో కాలు మోపాకే తను కదులుతాడు. ఇది ఎవరూ నేర్పలేదు. తండ్రి పడవలో అంతే, అంతకు ముందు తాత పడవలోనూ అంతేనట.

పన్నెండేళ్ళ క్రితం ఆ లాంచీ ఎక్కిన వాళ్ళలో ఉదయ్‌కుమార్ ఒకడు. నిడదవోలు మనిషి. అప్పట్లో బక్కగా, గడ్డం కూడా సరిగా రాని మొహంతో, ఒక కెమెరా, నలుగురు స్నేహితులతో వచ్చాడు. సినిమా తీస్తామన్నారు. పగలు లాంచీలో తీసేవారు, రాత్రి లాంచీ కప్పు మీదే పడుకునేవారు. సత్తియ్య భార్య సుబ్బాయమ్మ జాలిపడి వాళ్ళకి అన్నం పెట్టేది. ఒకరోజు ఉదయ్‌కుమార్ ఆవిడ ముందు కూర్చుని, "అమ్మా, వెనక్కి వెళ్ళే మిషనొకటి ఉందనుకోండి. ఎక్కడికి వెళ్తారు?" అని అడిగాడు.

"ఎక్కడికేంటి బాబూ, నిన్నటికెళ్తాను. వెళ్ళి చేపల పులుసు పెట్టేసి వచ్చేత్తాను. ఇవాళ తింటానికి ఊరి ఉంటది" అంది సుబ్బాయమ్మ, గరిటె తిప్పుతూనే.

సినిమా అంతా ఆ మాట మీదే నిలబడింది. పేరు 'నిన్నటికి రెండు టిక్కెట్లు'. కథలో ఒక కాలేజీ లెక్చరరు లాంచీ ఇంజనుకి ఏదో బిగిస్తాడు. లాంచీ ముమ్మారు దగ్గి, కొవ్వూరులో బయలుదేరిందల్లా నిన్నటి రాజమండ్రిలో ఆగుతుంది. ఢిల్లీ నుంచి సైంటిస్టులు వస్తారు, పోలీసులు వస్తారు, టీవీవాళ్ళు వస్తారు. గోదారి జనానికి మాత్రం చరిత్ర మార్చాలని లేదు. ఒకాయన అత్తగారితో తూలిన మాట వెనక్కి తీసుకోడానికి వెళ్తాడు. మిగతావాళ్ళంతా గిన్నెలూ, చేపలూ, చింతపండూ పట్టుకుని నిన్నటికి వెళ్ళి పులుసు పెట్టుకుని, ఇవాళ్టికి తిరిగొచ్చి తింటారు. ఆఖరికి సైంటిస్టులు కూడా భోజనానికి ఉండిపోతారు.

అందులో సరంగు వేషం సత్తియ్యదే. వేషమేముంది, తన చొక్కా, తన లుంగీ, తన లాంచీ. సైంటిస్టు వేషం వేసినాయన ఒక సీన్లో డైలాగు మరిచిపోయి, ఏం అనాలో తోచక, "ఏమయ్యా, ఇది నిన్నా, ఇవాళా?" అన్నాడు. కెమెరా ఇంకా తిరుగుతోందని సత్తియ్యకి తెలియదు.

"నాకేం తెలుసండి? ఎక్కేరు కదా, దింపుతాను. ఏ రోజన్నది దిగాక కనుక్కోండి."

ఆ మాటకి హాల్లో జనం కుర్చీల్లోంచి లేచిపోయేవారు. తర్వాత టీవీలో వచ్చినప్పుడల్లా ఇళ్ళలో అదే నవ్వు. 'ఎక్కేరు కదా, దింపుతాను' అని ఆటోల వెనక రాయించుకున్నారు. తణుకు నుంచీ, కాకినాడ నుంచీ వచ్చినవాళ్ళు రేవులో నిలబడి, "నిన్నటికి రెండు ఇవ్వండి" అని అడిగేవారు. "నిన్నటివి అయిపోయినియ్యండి, ఇవాళ్టికున్నాయి" అనేవాడు సత్తియ్య. ఎన్నిసార్లు అన్నా విసుగొచ్చేది కాదు. తెలియనివాళ్ళు కూడా, ఏ జంకూ లేకుండా, పసిపిల్లల్ని ముందు తన చేతికిచ్చి తర్వాత బల్ల ఎక్కేవారు. ఆ సినిమా వల్ల సత్తియ్యకి దక్కింది అదే. అంతకన్నా ఏమీ కోరుకోలేదు కూడా.

రెండో భాగం అనగానే రేవంతా సంబరపడింది. పోయిన ఏడాది హైదరాబాద్ నుంచి, ఉదయ్‌కుమార్ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. సత్తియ్య వెళ్ళాడు. లాంచీ ఉంటుందనుకున్నాడు. లేదు. గుండ్రటి గది, చుట్టూ కెమెరాలు, మధ్యలో తను. నవ్వమన్నారు, కోప్పడమన్నారు, భయపడమన్నారు, గుండ్రంగా తిరగమన్నారు.

"మళ్ళీ షూటింగుకి ఎప్పుడు రమ్మంటారండి?" అని అడిగాడు బయటికొచ్చాక.

"ఇంక మీరు రానక్కర్లేదండి. మీరు మా దగ్గరే ఉన్నట్టు" అన్నాడు అక్కడి కుర్రాడొకడు, కంప్యూటర్ చూపించి. శాలువా కప్పి పంపించారు.

సినిమా శుక్రవారం విడుదలైంది. సత్తియ్య, సుబ్బాయమ్మ, కూతురు నాగదుర్గ, వీధిలో సగంమంది లాంచీలోనే అవతలకి వెళ్ళి, రాజమండ్రిలో మ్యాట్నీకి కూర్చున్నారు. నాగదుర్గ రాజమండ్రిలోనే ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తోంది. ఆ రోజు తండ్రి కోసం సెలవు పెట్టింది.

తెర మీద లాంచీ ఎగిరింది. ఎందుకెగిరిందో చెప్పలేదు. దుబాయ్‌లో దిగింది, అక్కడొక పాట. తర్వాత నక్షత్రాల్లోకి వెళ్ళింది, అక్కడొక ఫైటు. నిన్నా లేదు, ఇవాళా లేదు. పులుసు ఒకచోట వచ్చింది. ఒక మిషన్లో మీట నొక్కితే పొగలు కక్కుతూ గిన్నెలో పడింది, హీరో ఊదుకుంటూ తాగి 'వావ్' అన్నాడు.

"అప్పుడే దింపిన పులుసు తింటానికి ఈ ఎగరడాలెందుకే?" అంది సుబ్బాయమ్మ, పక్క సీట్లవాళ్ళకి వినపడేలా. "మా వీధి చివరికొస్తే నేను పెట్టనా!"

"అమ్మా, నెమ్మది."

"ఏంటి నెమ్మది? ఊదుకుని తాగడానికి అదేమైనా టీయా?"

ఇంటర్వెల్ తర్వాత సత్తియ్య కనిపించాడు. ముడతలు లేవు, జుట్టు నల్లగా ఉంది. పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి. వీధివాళ్ళు ఈల వేశారు. తెర మీది సత్తియ్య చక్రం తిప్పుతున్నాడు. నడి గోదాట్లో ఇంజను ఆగిపోయింది. ఆడవాళ్ళు కేకలు పెడుతున్నారు, ఒకావిడ చంకలో బిడ్డ. లాంచీ మొత్తానికి సేఫ్టీ జాకెట్టు ఒక్కటే ఉంది. తెర మీది సత్తియ్య అది లాక్కుని తను తొడుక్కుని, జనం వైపు తిరిగి కన్ను కొట్టాడు.

"ఎక్కేరు కదా, ఈదుకోండి!"

దూకేశాడు. డప్పుల మ్యూజిక్. లాంచీ మునిగింది.

ఈలలు ఆగిపోయాయి. వెనక వరసలో ఎవరో ఒకమ్మాయి ఒక్కతే కిసుక్కున నవ్వి, తనే ఊరుకుంది. సత్తియ్య కుర్చీ చేతుల మీదున్న తన రెండు చేతుల వంక చూసుకున్నాడు. నాగదుర్గ ఆయన మోచెయ్యి పట్టుకుంది. సుబ్బాయమ్మ కాసేపు తెర వంకే చూసి తేల్చి చెప్పింది.

"ఆడు నువ్వు కాదయ్యా. నువ్వు నీళ్ళలోకి దిగేటప్పుడు లుంగీ అలాగ కట్టవు."

అదే లాంచీలో అందరూ ఇళ్ళకి తిరిగొచ్చారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధిలోకి పెద్ద కారు వచ్చి ఆగింది. ఉదయ్‌కుమార్ దిగాడు. ఒళ్ళు చేశాడు, గడ్డం నిండుగా ఉంది. వెనక ఇద్దరు కుర్రాళ్ళు. వచ్చీరాగానే సుబ్బాయమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, మీ చేతి అన్నం తిని ఎన్నాళ్ళైందో. ఆకలేస్తోంది."

ఆ మాట తర్వాత ఇంక ఆ ఇంట్లో సినిమా గొడవేముంటుంది? సుబ్బాయమ్మ ఆకు వేసింది. నిన్నటి బొచ్చె చేప పులుసు ఉంది, అది వేసింది. ఉదయ్‌కుమార్ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తెరిచి సత్తియ్య వంక చూశాడు. పొద్దుటి నుంచీ ఎన్ని చోట్ల ఎన్ని మాటలు విని వచ్చాడో, ఆ కళ్ళు కాస్త ఎర్రగా ఉన్నాయి.

"సినిమా ఎలా ఉంది సత్తియ్యగారూ?"

సత్తియ్య గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా ఆకు. ఆకులో చెయ్యి. చేతిలో తన ఇంటి అన్నం.

"బాగుందండి" అన్నాడు.

"బాగా కష్టపడ్డారు బాబూ" అంది సుబ్బాయమ్మ. "ఇంకో ముక్కేస్తాను, ఉండండి."

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ నాగదుర్గ పెదవి కొరుక్కుంది. కుర్రాళ్ళలో ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని ఉండటం అప్పుడు ఆమెకి కనిపించింది. తండ్రికి కనిపించలేదు.

రాత్రికి రాత్రే ఆ వీడియో అందరి ఫోన్లలోకి వెళ్ళిపోయింది. 'సరంగు సత్తియ్యగారి మాట: బాగుందండి!' అని కింద రాసి, చుట్టూ పువ్వులు పెట్టారు. అందుకే శనివారం పొద్దున లోవలక్ష్మి బల్ల మీద కాలు పెట్టి ఆగింది. సినిమాలో దూకింది ఒక తప్పు. దాన్ని బాగుందన్నది ఇంకో తప్పు. మొదటిది తను చెయ్యలేదు. రెండోది మాత్రం తనదే.

రేవులో బుజ్జిబాబు టీ కొట్టు దగ్గర కూడా అదే పంచాయితీ. సినిమా తీసినవాళ్ళు హైదరాబాద్‌లో ఉన్నారు. దొరికినవాడు సత్తియ్య.

"ఏం మావా, ఆ దుబాయ్ ఎందుకంట?"

"నాకేం తెలుసురా?"

"మరి బాగుందన్నావుగా. ఏం బాగుందో మాకూ చెప్పు. మేం చూసిన హాలు వేరేమో!"

"మొదటిదాని పేరు రెండు టిక్కెట్లు, దీనికి తెగేది రెండు టిక్కెట్లు" అన్నాడు టీ తాగుతున్న ఇంకొకడు. "ఆ రెండూ మావయ్యే కొన్నాడనుకుంటా. డబ్బులు పోయాయని చెప్పలేక బాగుందన్నాడు."

సత్తియ్య టీ గ్లాసు సగంలోనే పెట్టేసి లేచాడు. వెటకారం ఆయనకి కొత్త కాదు. ఆ రేవులో పుట్టి పెరిగినవాడికి అది రోజూ ఉండేదే. వెటకారం చేసేవాళ్ళు చేస్తూనే లాంచీ ఎక్కుతారు. అసలు దెబ్బ మధ్యాహ్నం ట్రిప్పులో తగిలింది.

పెనుగొండ గుడికి వెళ్ళి వస్తూ రాజమండ్రి వెళ్ళే కుటుంబం ఒకటి రేవుకి వచ్చింది. గోదారి చూపించాలని పిల్లల్ని తీసుకొచ్చినట్టున్నారు. చంటిదాన్ని ఎత్తుకున్న అమ్మాయి బల్ల దాకా వచ్చి సత్తియ్య మొహం చూసింది. ఆయన అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి బిడ్డని ఇంకా గట్టిగా హత్తుకుని భర్త వైపు తిరిగింది.

"ఏమండీ, ఈయనే కదా?"

"సినిమాలే, ఎక్కు" అన్నాడతను నవ్వుతూ.

"వద్దు లెండి. బస్సుకెళ్దాం. నాకెందుకో ఎలాగో ఉంది."

వాళ్ళు వెనక్కి తిరిగి మెట్లెక్కారు. వాళ్ళతో వచ్చిన ముసలావిడ మాత్రం, "లాంచీ ఎక్కాలని మొక్కుకున్నానర్రా" అంటూ చిన్నకొడుకుతో ఎక్కింది. ఎక్కి, గోదారి వంక చూడలేదు. కమ్మీ పట్టుకుని, కొవ్వూరు నుంచి రాజమండ్రి దాకా సత్తియ్యనే చూస్తూ కూర్చుంది. ఆయన వంగితే ఆవిడ లేవబోయేది. నూనెగుడ్డ కోసం పక్కకి చెయ్యి చాపితే కొడుకు భుజం పట్టుకునేది. సత్తియ్య ఆ ట్రిప్పంతా చెమట కూడా తుడుచుకోలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తినకుండా ఆ సంగతి చెప్పాడు. నాగదుర్గ మండిపడింది.

"నిన్న ఆయన అడిగినప్పుడే చెప్పొచ్చు కదా నాన్నా?"

"ఆకు ముందు కూర్చున్న మనిషికి ఎలాగ చెప్తాం?"

"చెయ్యి కడుక్కున్నాక చెప్పాల్సింది."

"తిని చెయ్యి కడుక్కున్నోడికి, ఎంటనేనా? అరగద్దా?"

"సరే, ఇప్పుడు ఫోన్ చేసి చెప్పు. నంబరుందిగా."

"మొహం కనపడకుండా అలాంటి మాటేం బాగుంటది?"

నాగదుర్గ నెత్తి పట్టుకుంది. "అయితే రేపు చెప్పు. రేపు వస్తున్నారంట, ఇప్పుడే పెట్టారు ఫోన్లో. లాంచీలో అవతలకి వెళ్తారు, రాజమండ్రి రేవులో జనానికి చేతులూపి, అదే లాంచీలో తిరిగొస్తారంట. నీ లాంచీయే. నీ పక్కనే ఉంటాడు."

"లాంచీ ఎక్కినోడితో తగువా?" సత్తియ్య నిజంగానే తెల్లబోయాడు. "నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఎవర్నీ మాటనకూడదే. మా అయ్య పడవలో సొంత తమ్ముణ్ణి కూడా అనేవోడు కాదు. ఏదున్నా ఒడ్డుకొచ్చాక."

"ఇంట్లో అనవు, ఫోన్లో అనవు, నీళ్ళ మీద అనవు. మరి నువ్వూ ఆయనా ఒడ్డు మీద ఉండేదెప్పుడు?"

సత్తియ్య అన్నం ముద్ద కలిపాడు.

"దిగాక" అన్నాడు.

"మంచిదే. ఈలోగా ఈ ఊళ్ళో నీ లాంచీ ఎక్కేవాళ్ళు మిగిలితే!" అని కూతురు తన కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సుబ్బాయమ్మ మాత్రం, "ఆ మిషన్లో పులుసు సంగతి కూడా చెప్పయ్యా" అంది.

ఆదివారం పొద్దున కారు రేవు మీద ఆగింది. ఉదయ్‌కుమార్ నల్ల కళ్ళద్దాలతో దిగాడు. కుర్రాళ్ళు ఈసారి పెద్ద కెమెరా తెచ్చారు. లోవలక్ష్మి గంపతో సహా రోజూ వెళ్ళేవాళ్ళు కొందరు ఎక్కారు, తమాషా చూద్దామని బుజ్జిబాబు కొట్టు మూసి మరీ ఎక్కాడు. లాంచీ కదిలాక ఉదయ్‌కుమార్ చక్రం పక్కన నిలబడి కెమెరా వంక చూసి గొంతు పెంచాడు.

"ఫ్రెండ్స్, ఈ లాంచీలోంచే మీకొక అనౌన్స్‌మెంట్. మూడో భాగం వస్తోంది! అందులో సరంగుగారి రోల్ డబుల్!"

కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. లోవలక్ష్మి గంప మీద గోనెపట్టా సర్దుకుంది.

"ఇంకో రెండు టిక్కెట్లా?" అన్నాడు బుజ్జిబాబు, తనలో తను అనుకున్నట్టు.

నడి గోదారికి వచ్చేసరికి కెమెరా కుర్రాడు సేఫ్టీ జాకెట్టు పట్టుకొచ్చాడు.

"సత్తియ్యగారూ, ఇది వేసుకుని చిన్న జంప్ అండి. ఇంజను ఆపేసి ఒక్క క్షణం. డైలాగు చెప్పి దూకెయ్యండి. మేం లాగేస్తాం. వైరల్ అయిపోద్ది."

"ఇక్కడ లోతు లేదుగా, ఆ ఇసుక తిప్ప పక్కనే" అన్నాడు ఉదయ్‌కుమార్. "మీకిది ఎంతండీ!"

సత్తియ్య జాకెట్టు వంక చూశాడు. నిన్న జాకెట్టు మీద జోకేసిన లోవలక్ష్మి, ఇవాళ రెండు చేతులతో గంప పట్టుకుని ఆయన మొహమే చూస్తోంది. ఆ చూపు సత్తియ్యకి నిన్నటి ముసలావిడ చూపులాగే అనిపించింది.

"ఆయ్. ముందు దింపనియ్యండి" అన్నాడు.

"అంటే ఒడ్డు దగ్గరా? ఒడ్డు దగ్గరైతే ఎఫెక్ట్ రాదండీ."

"దింపనియ్యండి బాబూ."

మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే మాట చెప్పాడు, అదే గొంతుతో, అంతే మర్యాదగా. ఒకసారి గట్టిగా అంటే వినేసేవారేమో. కానీ ఆయన అనడు. ఉదయ్‌కుమార్ విసుక్కుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

రాజమండ్రి రేవులో లాంచీ ఆగింది. సత్తియ్య చక్రం వదిలి, తాడు కట్టి, బల్ల వేసి, పక్కన నిలబడ్డాడు. లోవలక్ష్మికి చెయ్యి అందించాడు. ఆవిడ దిగింది గానీ వెళ్ళలేదు, గంప పక్కన పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. బుజ్జిబాబు దిగాడు. కెమెరా కుర్రాళ్ళు దిగి వెనక్కి తిరిగి తీయడం మొదలుపెట్టారు. ఆఖరున ఉదయ్‌కుమార్. సత్తియ్య చెయ్యి చాపాడు. అతను పట్టుకుని బల్ల దాటి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టాడు. సత్తియ్య అతని చెయ్యి వదిలి, తను కూడా మెట్టు మీదికి దిగాడు.

"ఉదయ్‌బాబూ, సినిమా బాగాలేదండి."

ఉదయ్‌కుమార్‌కి అర్థం కాలేదు. నవ్వుతూనే ఉన్నాడు. "ఏంటండీ?"

"సినిమా. బాగాలేదండి. అస్సలు."

"మొన్న బాగుందన్నారు?"

"మొన్న మీరు అన్నం తింటన్నారండి."

మెట్ల మీద ఎవరో నవ్వారు. ఉదయ్‌కుమార్ మొహం మాడింది. కెమెరా ఆపమని చేత్తో సైగ చేశాడు. కుర్రాడు ఆపాడు. "మరి ఇప్పటిదాకా లాంచీలో పక్కనే ఉన్నాను కదండీ. అప్పుడు చెప్పలేదేం?"

"నీళ్ళ మీదున్నోళ్ళని మాటనకూడదండి. ఇప్పుడు మీరు దిగేరు. అందుకని."

"సత్తియ్యగారూ, అదొక జోకు. కామెడీ. జనం నవ్వుతారని..."

"నవ్వేరాండి?"

సత్తియ్య ఇంత గట్టి మాట ఎవరితోనూ అని ఎరగడు. అయినా ఒడ్డు మీద ఉన్నంతసేపే చెప్పాలి.

"మీ దుబాయ్ గురించి నేను చెప్పేవోణ్ణి కాదండి. నక్షత్రాల గురించీ కాదు. నా మొహం తీసుకున్నారు, అదీ పర్లేదు. కానీ మా ఇంట్లో దూకినోడు లేడండి. మునిగితే మునిగేం. నిన్న ఒకావిడ చంటిదాన్ని నా చేతికియ్యలేక బస్సుకెళ్ళిపోయింది. పన్నెండేళ్ళ నుంచీ నా చేతికిచ్చేవోరండి. మీ సినిమా చూసే ఇచ్చేవోరు. మీరే ఇచ్చేరు, మీరే పట్టుకుపోయేరు."

ఉదయ్‌కుమార్ మెట్టు మీద కూలబడ్డాడు. లోవలక్ష్మి గంప కొంచెం పక్కకి జరిపి అతనికి చోటిచ్చింది.

"మూడో దాంట్లో సరిచేద్దామండీ" అన్నాడు చివరికి. "మీరు అందర్నీ రక్షించినట్టు పెడతాను."

"వద్దండి. నేను రాను. నా బొమ్మా రాదు." సత్తియ్యకి ఇంకో మాట గుర్తొచ్చింది. "ఆ పులుసు కూడానండి. వేడిగా తాగించేరు. మా ఇంటిది రెండ్రోజుల నుంచీ అదే బాధ."

ఈసారి లోవలక్ష్మి పగలబడి నవ్వింది. ఉదయ్‌కుమార్ కూడా నవ్వబోయి, నవ్వలేక తల వంచుకున్నాడు. "అది నాకు తెలుసండీ" అన్నాడు మెల్లిగా. "షూటింగ్ రోజే తెలుసు. అప్పటికి నా మాట వినేవాళ్ళు ఎవరూ లేరక్కడ."

అది నిజమో కాదో సత్తియ్యకి తెలియదు. నిజమే అయినా, దూకిన సరంగు మొహం తనది.

తిరుగు ట్రిప్పుకి జనం మెట్ల మీద చేరారు. ఒక నడివయసావిడ చేతిసంచీతో బల్ల దగ్గరికొచ్చి, చాపిన చెయ్యి చూసి, మొహం చూసి ఆగింది. "మీరు ఆ సినిమాలో..."

సత్తియ్య చెయ్యి చాపి అలాగే ఉన్నాడు. చెప్పుకోవడం ఆయనకి చేతకాదు. లోవలక్ష్మి నోరు తెరవబోయింది. అంతలో మెట్టు మీద నుంచి ఉదయ్‌కుమార్ లేచాడు.

"ఆ దూకింది ఈయన కాదండీ" అన్నాడు. గొంతు పెంచలేదు. కెమెరా వైపు కూడా చూడలేదు. "అది మేం కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. ఈయన దూకరు. ఎక్కండి."

ఆవిడ ఎక్కింది. ఎక్కి, కమ్మీ గట్టిగానే పట్టుకుని కూర్చుంది. నమ్మిందో లేదో చెప్పలేం. ఇలాంటివి ఒక్కరోజులో పోవని సత్తియ్యకి తెలుసు. ఇంకా ఎన్ని ట్రిప్పులు చెమట తుడుచుకోకుండా నడపాలో.

కారు అవతలి ఒడ్డున ఉంది. ఉదయ్‌కుమార్ బల్ల ముందుకొచ్చి ఆగాడు.

"ఎక్కొచ్చాండీ?"

"అదేం మాటండి, రండి." సత్తియ్య చెయ్యి అందించాడు. "ఎక్కేక ఇంకేం అననండి."

నిజంగానే ఏమీ అనలేదు. లాంచీ దగ్గి కదిలింది. కుర్రాళ్ళు కెమెరా సంచీలో పెట్టేసి ఫోన్లు చూసుకుంటున్నారు. బుజ్జిబాబు తిరిగెళ్ళి కొట్టులో చెప్పాల్సిన కథని మనసులో కూర్చుకుంటున్నట్టు తనలో తనే నవ్వుకుంటున్నాడు. ఇసుక తిప్ప దాటాక ఉదయ్‌కుమార్ చక్రం పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"సత్తియ్యగారూ, నిజం చెప్పండి. మొదటి సినిమాలో కూడా మీకు నచ్చనివి ఉన్నాయా?"

సత్తియ్య కొవ్వూరు రేవు వైపు చూస్తూ చక్రం కాస్త ఎడమకి తిప్పాడు.

"ఎక్కేరు కదా," అన్నాడు, "దిగాక చెప్తానండి."